త్రాగనివాడు ద్రాక్షారసమును కొని దాచవచ్చునా?

చదువవలసిన వాక్యభాగములు: సామెతలు 11:26, హబక్కూకు 2:15, 1 కొరింథీ 10:25–28

ఈ ప్రశ్న మన అడవి అంచు పల్లెలకు చాల దూరమైనదని మీకు తోచవచ్చును. ఇల్లెందు, పాల్వంచ, భద్రాచలము ప్రాంతముల సంఘములలో ద్రాక్షతోట చూచినవారే అరుదు. అయినను ఈ ప్రశ్న మనలోనుండియే వచ్చినది. పట్టణములో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న మన పిల్లవాడొకడు సెలవులకు వచ్చినప్పుడు సంఘపు పెద్దలను ఇట్లు అడిగెను: “అయ్యగారూ, మా కచ్చేరీలో కొందరు విదేశపు ద్రాక్షారసమును పెట్టెలుగా కొనుచున్నారు. త్రాగుటకు కాదు. పది యేండ్లు గిడ్డంగిలో ఉంచి హెచ్చు ధరకు అమ్ముటకు. నన్నును చేరుమనుచున్నారు. నేను చుక్క ముట్టను. సీసా నా యింటికైనను రాదు. కాగితము మాత్రము నా పేర ఉండును. ఇందులో పాపమున్నదా?”

ఒక పెద్ద నవ్వి, “తాగనోనికి సీసాలెందుకురా?” అనెను. మరియొక పెద్ద ఇది తప్పక పాపమేయని తేల్చివేసెను. రెండును తొందర జవాబులే. పిల్లవాడు నిజముగా తెలిసికొనగోరి అడిగెను గనుక ఈ నెల దీనిని నిదానముగా చూతము.

మొదట ఈ వ్యాపారమెట్టిదో తెలిసికొనవలెను. ఫ్రాన్సు దేశములో బోర్డో అను ప్రాంతమున్నది. 1855లో పారిస్ నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనకై అచ్చటి తోటలను మొదటి తరగతి, రెండవ తరగతి అని ఏర్పరచిరి. ఒకటి రెండు మార్పులు తప్ప ఆ పట్టీయే నేటికిని చెల్లుచున్నది. అక్కడి రసము సీసాలోనికి రాకముందే, పీపాలో ఉండగానే, కోత అయిన మరుసటి వసంతములో అమ్ముదురు. కొన్నవాడు సొమ్ము ముందు కట్టును, సరకు సుమారు రెండేండ్ల తరువాత చేరును. పంట కళ్లము చేరకముందే బయానా ఇచ్చిపోవు బేరగాండ్రను ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. సీసాలు వచ్చిన తరువాత అనేకులు వాటిని ఇంటికి తెచ్చుకొనరు. ఇంగ్లాండులో సుంకము కట్టకుండ సరకు నిలువచేయు గిడ్డంగులున్నవి. అక్కడ చీకటిలో, 13 డిగ్రీల చల్లదనములో, బిరడా ఎండిపోకుండ సీసాలను పండబెట్టి ఉంచుదురు. (మన కొత్తగూడెము ఎండ 45 డిగ్రీలు దాటు దినములలో ఆ సీసాను అటక మీద పెట్టినయెడల ఏమగునో చెప్పనక్కరలేదు.) 2000లో లండనులో లివ్-ఎక్స్ అను సంత ఏర్పడినది. వర్తకులు అందులో పశువుల సంతలోవలె బేరములు చేయుదురు, కాని పశువు కంటికి కనబడును, సీసా కనబడదు.

ధర ఏల పెరుగును? ఒక యేటి రసము ఆ యేటిదే, దానిని మరల చేయుట ఎవరివలనను కాదు. ఆ యేటి సీసాలను లోకములో ఎవరో ఒకరు విందులలో త్రాగుచుందురు. వారు త్రాగినకొలది మిగిలినవి తగ్గును, తగ్గినకొలది ధర ఎక్కును. 2018లో న్యూయార్కులో జరిగిన వేలములో 1945వ సంవత్సరపు రొమానీ-కొంతీ సీసా ఒకటి 5,58,000 డాలర్లకు, అనగా అప్పటి లెక్కన నాలుగు కోట్ల రూపాయలకు పైగా పలికినది. నష్టపోయినవారును తక్కువగా లేరు. 1985లో లండను వేలములో ఒక ధనికుడు అమెరికా దేశాధ్యక్షుడు జెఫర్సనుదని చెప్పబడిన పాతసీసాను 1,05,000 పౌనులకు కొనెను. దానిని దీపము క్రింద ప్రదర్శనకు ఉంచగా బిరడా ఎండి లోపలికి జారినది. అది నిజముగా జెఫర్సనుదేనా అను అనుమానము తరువాత బయలుదేరినది. రూడీ కుర్నియావన్ అనువాడు అమెరికాలో తన యింటనే చవుక రసములను కలిపి, పాత చీటీలు అంటించి, గొప్ప సీసాలుగా అమ్మి, 2014లో పదియేండ్ల శిక్ష పొందెను. మోసము లేకపోయినను సంత మోసము చేయవచ్చును. 2022 చివర మొదలుకొని 2025 వరకు ఈ ధరలు తగ్గుచునే వచ్చినవి.

అయితే నష్టము రావచ్చునను భయము ధర్మప్రశ్నకు జవాబు కాదు. లాభమే వచ్చుననుకొని ఆలోచింతము.

ద్రాక్షారసము స్వతహాగా అపవిత్రమని లేఖనము చెప్పుట లేదు. కానా పెండ్లిలో మన ప్రభువు నీటిని ద్రాక్షారసముగా మార్చెను. తిమోతి కడుపుజబ్బునకై పౌలు కొంచెము పుచ్చుకొనుమనెను. అదే లేఖనములో రేకాబీయులు తమ పితరుని మాటచొప్పున తరతరములు దానిని ముట్టక యుండగా, యిర్మీయా ప్రవక్త వారిని ఇశ్రాయేలీయుల యెదుట మాదిరిగా నిలిపెను. మన సంఘములు రేకాబీయుల దారిని ఎన్నుకొన్నవి. అది ద్రాక్షపండుమీది కోపము వలన కాదు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1912 మొదలు 1945 వరకు ఈ ప్రాంతపు పల్లెలలో పనిచేసినప్పుడు మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడవలెనని బోధించిరి. ఆ నాలుగింటిలో అప్పును త్రాగుడును ఒకే గడపలో పుట్టిన తోబుట్టువులని మన తాతలు పుస్తకములో చదువలేదు, తమ యిండ్లలోనే చూచిరి. ఆ చూచినదానివలన ఏర్పడిన నియమమే మనది.

కాబట్టి పిల్లవాని ప్రశ్న త్రాగుటను గూర్చినది కాదు, దాచుటను గూర్చినది. దాచుట తప్పా?

తప్పని చెప్పినయెడల ఖమ్మము రైతును తప్పుపట్టవలసి వచ్చును. 2017 ఏప్రిల్‌లో ఖమ్మము మార్కెట్ యార్డులో ఏమి జరిగినదో మీలో అనేకులకు జ్ఞాపకమే. అంతకుముందటి యేడు క్వింటాలు పదివేలు దాటిన మిర్చి, ఆ యేడు మూడు వేల చుట్టుపక్కలకు పడిపోయినది. బస్తాలు వచ్చి పడినవి, కొనువాడు లేడు. రైతుల కోపము యార్డు కార్యాలయము మీద పడినది. కొందరు జైలుకు పోయిరి, సంకెళ్లతో వారిని కోర్టుకు తెచ్చినందుకు రాష్ట్రమంతయు సిగ్గుపడినది. ఆ దినములలో కోల్డు స్టోరేజిలో నాలుగు బస్తాలు పెట్టుకొనగలిగినవాడు ఆ ధరకు తలవంచక ఊపిరి పీల్చుకొనెను. తన చెమటతో పండించినదానిని గుట్టలు పడిన దినమున నీళ్లధరకు పారవేయక కొంతకాలము ఆపుకొనుట వివేకమే. యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరములలో అయిదవ భాగమును కూర్చి ఉంచకపోయినయెడల ఐగుప్తును లేదు, యాకోబు ఇంటివారును లేరు.

అయినను యోసేపు కథను 41వ అధ్యాయముతో ముగించి పుస్తకము మూయుట మనకు వాడుక. 47వ అధ్యాయమును చదివినవారు తక్కువ. కరవు ముదిరినప్పుడు అదే కొట్టు ధాన్యమునకు ప్రజలు మొదట వెండి నిచ్చిరి, తరువాత పశువుల నిచ్చిరి, తరువాత పొలముల నిచ్చిరి, చివరకు తమ్మును తామే ఫరోకు దాసులుగా అప్పగించుకొనిరి. ప్రాణము నిలిపిన కొట్టే మెడకు కాడియు అయినది. ధాన్యము బిగబట్టువానిని జనులు శపింతురనియు, అమ్మువాని తలమీదికి దీవెన వచ్చుననియు సామెతల గ్రంథకర్త చెప్పినప్పుడు అతడు కొట్లు కట్టవద్దనలేదు. ఎవనిది దాచితివి, ఎవనికి తెరచితివి, ఎట్టి దినమున తెరచితివి అని అడుగుచున్నాడు.

ఈ మూడు ప్రశ్నలు మన అడవిలో ఎట్లు పనిచేయునో ఇప్పపువ్వు చూపగలదు. దూరపు ద్రాక్షకంటె మనకు దగ్గరి బంధువు ఇదియే. ఫాల్గుణ చైత్రములలో ఆకులు రాలిన ఇప్పచెట్టు పూయును. తెల్లవారుజామున పువ్వు రాలును. కోయవారి యిండ్లలో తల్లియు పిల్లలును చీకటితోనే బుట్టలు పట్టుకొని పోవుదురు. ఏ చెట్టు ఏ యింటివారిదో అందరికిని తెలియును, తెలియనిది ఎలుగుబంటికి మాత్రమే. వంగి ఒక్కొక్క పువ్వును ఏరవలెను. నడుము పట్టివేయును. తెచ్చినదానిని వాకిట ఆరబోసి మూడు నాలుగు దినములు ఎండబెట్టగా నిండుబుట్ట పిడికెడంతకు దిగి, తెల్లని పువ్వు గోధుమరంగుకు మారును. దానిని ఉడికించియు దంచియు తిందురు. ఇప్పుడు ఉట్నూరు వైపున ఆదివాసి స్త్రీలు దానితో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. సారా కాచుటయు దానితోనే. ఈ ఒక్క పువ్వులో అన్నమును సారాయును రెండును ఉన్నవి.

ఎండిన పువ్వు చేతికి వచ్చునప్పటికి ఇంట గింజలు అయిపోవు కాలము. అప్పుడు సంతలో అందరును అమ్మువారే. సావుకారు తూకము వేసినదే తూకము, పలికినదే ధర. ఉప్పునకును బియ్యమునకును మార్చుకొనుట పూర్వపు వాడుక. పాత బాకీ ఉన్నయెడల ధరయు పలుకనక్కరలేదు. ఆ పువ్వు సావుకారు కొట్టులో వానలు పడువరకు పడియుండును. వానలలో అడవి దారులు మూసికొనిపోయి కూలి దొరకని దినములలో అదే పువ్వు అదే మనుష్యులకు, కొన్నిసార్లు సారాగా మారి, హెచ్చు ధరకు తిరిగి వచ్చును. తాను ఏరిన పువ్వును తానే అప్పుమీద కొనుచున్న స్త్రీకి యోసేపు కథలో ఏ అధ్యాయము చదివి వినిపింపవలెను?

ఈ సంగతి పాలకులకు తెలియనిది కాదు. మన్యములో వడ్డీని, భూమి బదలాయింపును అదుపుచేయుటకు 1917లోనే చట్టము చేసిరి. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణములో ఏర్పడి అడవి సరకును న్యాయధరకు కొనుటకు పూనుకొన్నది. 2006 అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలములను సేకరించి అమ్ముకొను హక్కు అడవివాసులదేయని వ్రాసినది. చట్టమున్నను, తడి తగలని ఒక గదియు మూడు నెలలు ఆగగల ఇంటి తిండియు లేనివానికి ఆగుట చేతకాదు. పువ్వుకు చెమ్మ తగిలిన బూజు పట్టును. ఆ గది ఎవనికున్నదో లాభము వానిదే.

ఇప్పుడు తిరిగి మన పిల్లవాని సీసాలవైపు చూతము. న్యాయముగా మాటలాడవలెను. అతడు ఏ విధవ పువ్వును తక్కువ తూకమునకు కొనుట లేదు. అమ్మువాడు ధనికుడు, కొనబోవువాడు అంతకంటె ధనికుడు. అది లేకపోయినందున ఎవడును ఆకలిగొనడు. ఈ లెక్కన అతని గిడ్డంగి మన సావుకారు కొట్టుకంటె శుద్ధమైనది. సొమ్ము పనిచేయక పడియుండునందుమా? అట్లయినయెడల పెట్టెలో పడియున్న బంగారమును, రహదారి ప్రక్క కొని బీడుగా విడిచిన స్థలమును ఏమనవలెను? (ఇది చదివి నగలు దాచుకొన్న అక్కలు కోపపడకుందురు గాక. బంగారము అక్కరదినమున అప్పిచ్చువాని గుమ్మము తప్పించునని నాకును తెలియును.) లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని వెఱ్ఱివాడనుటకు అతడు కొట్లు కట్టుట మాత్రమే కారణము కాదు. ఆ కొట్లతో తన ప్రాణము మాటలాడుకొనుచుండగా పొరుగువాడెవడును ఆ మాటలలో లేకపోవుటయు కారణమే.

నా మట్టుకు నాకు చిక్కు వేరొకచోట కనబడుచున్నది. మిర్చి దాచిన రైతు ఆ మిర్చి ఎవరి కూరలో పడినను సంతోషించును. తన అన్న యింట పడినను సంతోషమే, తన వాకిటనే నూరి తిన్నను సంతోషమే. యోసేపు తన ధాన్యమును కొనవచ్చిన తన అన్నలను చూచి కన్నీళ్లు కార్చెను, అది సిగ్గువలన కాదు. ఇప్పపువ్వును లడ్డూగా అమ్మిన స్త్రీ కొన్నవాని బిడ్డ దానిని కొరుకుచుండగా చూచి నవ్వును. కాని సీసాలు కొన్న మన పిల్లవాడు వాటిని త్రాగువానిని తన తమ్మునిగా ఊహించుకొని సంతోషింపగలడా? సంతోషింపలేడు గనుకనే “సీసా నా యింటికి రాదు” అను మాట అతని నోట మొదటనే వచ్చినది. సరకు కంటికి దూరమైయుండుట అతనికి సౌకర్యము కాదు, అవసరము.

ఫ్రాన్సులో ఒక విశ్వాసి భోజనముతో ద్రాక్షారసము పుచ్చుకొనుచు, దానిని పండించి, అమ్మి, కొన్నవానితో కూర్చుండి త్రాగవచ్చును. అతని మనస్సాక్షిలో చీలిక లేదు. మనము అతనికి తీర్పు తీర్చరాదని రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయము చెప్పుచున్నది. కాని త్రాగుడు మనుష్యుని చెరుపునని నమ్మి నోరు కట్టుకొనినవాడు, అదే త్రాగుడు పెరుగవలెనని లాభముకొరకు ఎదురుచూచుట వేరు సంగతి. ఎంతమంది త్రాగి సీసాలు ఖాళీచేసిన అతనికి అంత మేలు. హబక్కూకు ప్రవక్త శ్రమ పలికినది త్రాగినవానికి కాదు, పొరుగువానికి త్రాగనిచ్చినవానికి. వాడు తాను త్రాగెనో లేదో ప్రవక్త విచారింపలేదు.

లండను సీసాల సంగతి ఇంతతో విడిచినయెడల మన సంఘములలో ఎవరికిని నొప్పి కలుగదు. కాని ప్రియులారా, ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్ననే అడుగక పని కానిచ్చుకొన్నవారు మన ఊళ్లలో ఉన్నారు. మన ఊళ్లలో మద్యపు దుకాణమును ‘వైన్సు’ అందురు గాని అందులో ద్రాక్షారసము కొనువాడు అరుదు. తెలంగాణలో ఈ దుకాణములు 2,620. వాటిని చీట్లు తీసి ఇత్తురు. 2023లో ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగిరాని రుసుము రెండు లక్షలు. అయినను లక్షా ముప్పది వేలకు పైగా దరఖాస్తులు పడినవి. 2025లో రుసుము మూడు లక్షలైనను తొంబది వేలకు పైగా పడినవి. ఇంత సొమ్ము ఒక్కొక్కడు పెట్టలేడు గనుక పదిమంది కలిసి వాటాలు వేసికొందురు. ఏజెన్సీ మండలములలో దుకాణము గిరిజనుల పేరనే ఇయ్యవలెను. పేరు ఒకనిది, పెట్టుబడి వేరొకనిదియనుట మనము వినుచునే యున్నాము. ఆ వాటాదారులలో చుక్క ముట్టనివారు ఉన్నారు. ఆదివారము ఆరాధనకు మానక వచ్చువారును ఉన్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించినప్పుడు వారు త్రాగుబోతులకు బోధచేయుటతో ఆగలేదు, అమ్మువాని గడపయొద్దకు పోయిరి. దాని ఫలముగా 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమును వచ్చినవి. 1997లో ప్రభుత్వమే ఖజానా ఖాళీయనుచు దానిని సడలించెను. ఆ స్త్రీలకు తెలిసినది మన సంఘ పెద్దలకు తెలియదా? త్రాగి తూలినవానిని ప్రభురాత్రి భోజనమునుండి ఆరు నెలలు దూరముంచుదుము. వాని చేతికి సీసా అందించిన దుకాణములో వాటా ఉన్నవాడు కోతపండుగనాడు పెద్ద కానుక తెచ్చిన ముందుబల్ల మీద కూర్చుండబెట్టుదుము. యూదా పారవేసిన వెండి నాణెములు రక్తపు క్రయధనమనియు కానుకపెట్టెలో వేయరాదనియు యాజకులు చెప్పిరి. ఆ నాణెములు వారి చేతినుండియే పోయినవని వారికి జ్ఞాపకము రాలేదు. కానుక తిరుగగొట్టుటకు ముందు, ఆ వాటాదారునితో ఒక పెద్ద పోయి ఏకాంతముగా మాటలాడుట మేలని నా అభిప్రాయము. మన సంఘములలో ఈ పని జరిగినట్లు నేను వినలేదు.

మన పిల్లవాడు ఇదంతయు విని ఊరకుండలేదు, మంచి మాటే అడిగెను. “అయ్యగారూ, నా జీతములో కోసిన భవిష్యనిధిని ఎక్కడ పెట్టుచున్నారో నాకు తెలియదు. బ్యాంకులో వేసిన సొమ్మును బ్యాంకు ఏ బీరు కంపెనీకి అప్పిచ్చునో తెలియదు. అదియు పాపమైన యెడల నేను అడవిలోనికి పోయి ఇప్పపువ్వు ఏరుకొని బ్రతుకవలెనా?”

పౌలు కాలములో కొరింథు కటికవాని అంగడిలో మాంసము కొన్నవారికిని ఇట్టి చిక్కే వచ్చినది. ఏ ముక్క విగ్రహము ముందు అర్పింపబడినదో ఏ ముక్క అర్పింపబడలేదో తెలియదు. అపొస్తలుడు వారితో, అంగడిలో అమ్మునది విచారణచేయక తినుడనియు, ఎవడైనను ఇది విగ్రహమునకు అర్పింపబడినదని మీతో చెప్పినయెడల మాత్రము తినకుడనియు వ్రాసెను. లోకమునుండి వెళ్లిపొమ్మనలేదు. తెలియనిదానిని త్రవ్వి ప్రాణము విసిగించుకొనుమనియు అనలేదు. బ్యాంకు ఖాతా, భవిష్యనిధి అంగడి మాంసమువంటివి.

సీసాల సంగతి అట్టిది కాదు. ఆ తోట పేరు, ఆ సంవత్సరము, గిడ్డంగి ఉన్న ఊరు, త్రాగుటకు అది ఏ యేటికి పక్వమగునో, అన్నియు అచ్చువేసిన కాగితము మీద వ్రాసి అతని చేతికిచ్చిరి.